నెమలికంఠం రంగు: కొనాలా, కలుపుకోవాలా?



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని అడిగినప్పుడు మా బ్యాచ్ వాళ్లం కూర్చుని ఆలోచించాం. హాస్టల్ జ్ఞాపకాలు ఏటా ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. మేము చదువుకున్న రోజుల్లో మాకు ఎవరూ చెప్పని విషయం, మీకు పనికొచ్చేది ఒకటి రాద్దామనుకున్నాం. అదే ఈ రంగుల సంగతి. ఒక్క రంగు గురించి ఇంత రాయాలా అని మీరు నవ్వుకోవచ్చు. ముందు మా గదిలో జరిగిన సంఘటన చెబుతాం, తర్వాత మీకే తెలుస్తుంది.

మా గదిలో ఒకడు బొమ్మలు బాగా వేసేవాడు. ఏప్రిల్ 14 వచ్చిందంటే అంబేడ్కర్ గారి బొమ్మ వాడే వేయాలి. ఒకసారి జిల్లాస్థాయి పోటీకి నెమలి బొమ్మ వేయాలనుకున్నాడు. ఒక పాత పత్రికలో అచ్చయిన నీటిరంగుల చిత్రంలో నెమలి మెడ చూశాడు. ఆ రంగు నున్నగా లేదు. పూసకట్టిన నెయ్యిలాగా, సన్నని పలుకులు పలుకులుగా, ఒకచోట నీలంగా, పక్కనే పచ్చగా మెరుస్తోంది. ఆ రంగే కావాలని పట్టుబట్టాడు. రెండు నెలల కాస్మెటిక్ చార్జీలు దాచుకుని, పట్నం వెళ్లి, ‘కోబాల్ట్ టర్కాయిస్’ అని రాసి ఉన్న ట్యూబు కొనుక్కొచ్చాడు. వేసి చూస్తే రంగు ప్లాస్టిక్ బకెట్ లాగా నున్నగా పరుచుకుంది. మూడు షీట్లు పాడయ్యాయి. చివరికి “నా చేతిలో లేదురా” అని బ్రష్షులు ట్రంకు పెట్టెలో పడేశాడు. ఏడాదిపాటు మళ్లీ తీయలేదు.

తప్పు వాడి చేతిలో లేదు, ట్యూబులో ఉంది. పేరు పక్కనే చిన్న అక్షరాలతో ‘హ్యూ’ అన్న మాట ఉందనీ, దాని అర్థమేమిటో అప్పుడు మాకెవరికీ తెలియదనీ చాలా ఏళ్ల తర్వాత గ్రహించాం. మీలో ఎవరూ ఆ మాట అనుకుని బ్రష్ పక్కన పెట్టకూడదనే ఇది రాస్తున్నాం.

అసలు ఏ రంగు ఇది?

ఇంగ్లీషులో టర్కాయిస్ అంటారు. మన చీరల దుకాణాల్లో నెమలికంఠం రంగు అనేది దీనికి దగ్గర చుట్టమే, కాస్త ముదురు. ఉర్దూలో ఫిరోజా. అది ఒక రాయి పేరు. ఇరాన్‌లోని నిషాపూర్ ఫిరోజా రాళ్లకు ప్రసిద్ధి. తుర్కీ దేశం మీదుగా యూరప్‌కు చేరేది కాబట్టి ఫ్రెంచివాళ్లు దానికి తుర్కీ రాయి అని పేరు పెట్టారు. ఆ రాయికి రంగు ఇచ్చేది అందులోని రాగి. తోటలకు మందు కొట్టేటప్పుడు కలిపే మైలుతుత్తం నీలానికి కూడా రాగే కారణం. అయితే నీటిరంగుల్లో పూసకట్టే టర్కాయిస్ మాత్రం రాగితో రాదు. అది కోబాల్ట్ అనే లోహంతో వస్తుంది.

రంగు ఎందుకు పూసకడుతుంది?

దీన్ని గ్రాన్యులేషన్ అంటారు. అర్థం కావాలంటే హాస్టల్లోనే ఒక చిన్న ప్రయోగం చేయండి. రెండు గ్లాసుల నీళ్లు తీసుకోండి. ఒకదానిలో బట్టలకు పెట్టే నీలం పొడి, రెండోదానిలో బట్టలకే పెట్టే నీలం ద్రావకం ఒక చుక్క వేసి కలపండి. రాత్రంతా కదపకుండా ఉంచండి. తెల్లారి చూస్తే పొడి వేసిన గ్లాసు అడుగున నీలం పేరుకుని ఉంటుంది. రెండో గ్లాసు మాత్రం పైనుంచి కింది దాకా ఒకేలా ఉంటుంది. మొదటిది నీటిలో కరగని పొడి, రెండోది కరిగిపోయే అద్దకం.

నీటిరంగు ట్యూబులో ఉండేది రంగుపొడి, దాన్ని పట్టి ఉంచే తుమ్మజాతి జిగురు. కొన్ని పొడుల రేణువులు పెద్దవి, బరువైనవి. కాగితం మీద నీళ్లు పరచగానే అవి ఏటి అడుగుకు ఇసుక చేరినట్టు కాగితంలోని గుంతల్లోకి చేరతాయి. కోబాల్ట్ రంగులు, విరిడియన్ ఇలాంటివి. మరికొన్నింటిలో రేణువులు సన్నవే అయినా నీటిలో ఒకదాన్నొకటి పట్టుకుని గుంపులు కడతాయి. వరద నీళ్ల బిందెలో పటిక తిప్పితే మట్టి గుంపుకట్టి దిగడం మీరు చూసే ఉంటారు. అల్ట్రామెరైన్ నీలం ఇలా పూసకడుతుంది. మూడో రకం థాలో రంగులు. వీటి రేణువులు మరీ సన్నవి. గుంతల కోసం ఆగకుండా కాగితం నారలోకి సమంగా ఇంకిపోతాయి, తర్వాత కడిగినా మరక పోదు.

ట్యూబు వెనక చదవండి

ముందున్న పేరును నమ్మకండి. మంచి ట్యూబుల మీద రంగుపొడి కోడ్ ఉంటుంది. పీబీ అంటే నీలం జాతి, పీజీ అంటే ఆకుపచ్చ జాతి. ఈ కొన్ని గుర్తుపెట్టుకుంటే చాలు.

పీజీ 50: కోబాల్ట్, టైటానియం కలిసిన రంగు. లేత టర్కాయిస్. బాగా పూసకడుతుంది.

పీబీ 36: కోబాల్ట్, క్రోమియం కలిసినది. కొంచెం ముదురు టర్కాయిస్ నుంచి సెరూలియన్ నీలం దాకా దొరుకుతుంది. పూసకడుతుంది.

పీబీ 35: కోబాల్ట్, తగరం కలిసిన అసలు సెరూలియన్ నీలం. ఇంగ్లండులో 1860ల నుంచి అమ్ముడవుతోంది. పూసకడుతుంది.

పీబీ 28: కోబాల్ట్ నీలం. ఓ మాదిరిగా పూసకడుతుంది.

పీజీ 18: విరిడియన్. నీలి ఛాయ ఉన్న ఆకుపచ్చ. దీని తయారీకి 1859లో ఫ్రాన్స్‌లో గిన్యే అనే ఆయన పేటెంట్ తీసుకున్నాడు. పూసకడుతుంది.

పీబీ 29: అల్ట్రామెరైన్. ఒకప్పుడు ఆఫ్ఘనిస్తాన్ నుంచి వచ్చే లాజవర్దు రాయిని నూరి చేసేవారు. అందుకే బంగారంతో సమానంగా చూసేవారు. దాన్ని కృత్రిమంగా చేసినవారికి 6,000 ఫ్రాంకుల బహుమతి ఇస్తామని ఫ్రాన్స్‌లో 1824లో ప్రకటించారు. 1828లో గిమే అనే ఆయన గెలుచుకున్నాడు. అందుకే ఈరోజు మనబోటి వాళ్ల పెట్టెలో కూడా అది ఉంది. బట్టలకు పెట్టే నీలం పొడి కూడా ఇదే జాతి.

పీబీ 15, పీబీ 16, పీజీ 7: ఇవి థాలో రంగులు. 1928లో స్కాట్లాండులోని ఒక రంగుల ఫ్యాక్టరీలో అనుకోకుండా బయటపడిన పదార్థం నుంచి థాలో నీలం పుట్టింది. 1935లో మార్కెట్లోకి వచ్చింది. చాలా ప్రకాశవంతం, చాలా గాఢం, చవక. కానీ పూసకట్టవు.

ఇప్పుడు ‘హ్యూ’ సంగతి. హ్యూ అంటే ఆ రంగులా కనిపించేది అని అర్థం. విరిడియన్ హ్యూ అంటే సాధారణంగా పీజీ 7. సెరూలియన్ హ్యూ అంటే ఎక్కువగా పీబీ 15లో తెలుపు కలిపినది. మోసం అనలేం, వాళ్లు రాసే ఉంచారు. చదవనిది మనమే. నున్నటి రంగు కావలసినవాడికి అది మంచి రంగే. పూసకట్టాలని కొంటే మాత్రం డబ్బు దండగ.

స్కూలు పిల్లల ట్యూబుల మీద చాలాసార్లు కోడ్ ఉండదు. అప్పుడు ఇలా పరీక్షించండి. గరుకు కాగితం మీద బాగా నీళ్లగా ఒక మచ్చ వేసి, కదపకుండా ఆరనివ్వండి. పలుకులు కనిపిస్తే పూసకట్టే రంగు. ఆరిన తర్వాత తడి బ్రష్‌తో రుద్దండి. చాలా వరకు లేచిపోతే బరువు రేణువుల రంగు, మరక గట్టిగా మిగిలితే థాలో.

కొనలేకపోతే కలుపుకోవడం

కోబాల్ట్ రంగులు ఖరీదు. ఆ లోహంలో సగానికి పైగా ఒక్క కాంగో దేశం నుంచే వస్తుంది, బ్యాటరీలకు కూడా అదే కావాలి. ఒక్క ట్యూబు ధరకు మామూలు రంగుల డబ్బా మొత్తం వస్తుంది. అందుకని కలుపుకునే పద్ధతులు చెబుతున్నాం. మేము వేసి చూసినవే.

మొదటిది: విరిడియన్ (పీజీ 18), సెరూలియన్ (పీబీ 35 లేదా 36). రెండూ పూసకట్టేవే. సగం సగం కలిపితే అసలు టర్కాయిస్‌కు బాగా దగ్గరగా వస్తుంది. ఇద్దరు ముగ్గురు కలిసి చెరో ట్యూబు కొనుక్కుని పంచుకోవచ్చు.

రెండోది: విరిడియన్, అల్ట్రామెరైన్. కాస్త మసకగా, లోతైన చెరువు నీళ్ల రంగు వస్తుంది. అల్ట్రామెరైన్‌లో ఎరుపు ఛాయ దాగి ఉంటుంది. అది పచ్చదనాన్ని కొంత చంపుతుంది. కాబట్టి తళతళలాడే లేత టర్కాయిస్ దీనితో రాదు, ఆశపడవద్దు.

మూడోది, మన హాస్టల్ పద్ధతి: అల్ట్రామెరైన్, థాలో గ్రీన్. రెండూ చవక. కోటు వేయగా మిగిలిన అల్ట్రామెరైన్ చాలు. అల్ట్రామెరైన్ శనగగింజంత తీసుకుంటే థాలో గ్రీన్ ఆవగింజంత మించకూడదు. అది అంత గాఢం. నీళ్లు ఎక్కువగా పోసి పరిస్తే ఆకుపచ్చ కాగితంలోకి ఇంకుతుంది, నీలం పలుకులుగా పైన నిలుస్తుంది. నెమలి మెడలో రెండు రంగులు విడివిడిగా మెరిసినట్టు కనిపించేది దీనివల్లే. మావాడు పత్రికలో చూసిన బొమ్మలాంటిది ఈ రెండు చవక రంగులతో దాదాపుగా వచ్చింది.

నాలుగోది: మరింత మెరుపు కావాలంటే రెండు పొరలు. ముందు థాలో బ్లూ, థాలో గ్రీన్ కలిపి పలుచగా, నున్నగా పరచండి. పూర్తిగా ఆరనివ్వండి. థాలో మరక కదలదు కాబట్టి దాని మీద పలుచని అల్ట్రామెరైన్ గానీ విరిడియన్ గానీ ఒకే ఒక్కసారి పరచండి. మెరుపు కింది పొర ఇస్తుంది, పలుకు పై పొర ఇస్తుంది.

తెలుపు మాత్రం కలపవద్దు. సున్నం కొట్టినట్టు అవుతుంది, పలుకులు మునిగిపోతాయి. లేత రంగు కావాలంటే నీళ్లు పెంచండి. మూడు రంగులకు మించి కలిపితే బురదే. నీడ కావాలంటే నలుపు బదులు చిటికెడు బర్న్‌ట్ సియెన్నా కలపండి. ఆ ఇటుక ఛాయ టర్కాయిస్‌ను అణచి తడి రాతి రంగు తెస్తుంది.

కాగితం, నీళ్లు, చేయి

రంగు సరైనదైనా కాగితం నున్నగా ఉంటే పలుకు నిలవదు. మామూలు డ్రాయింగ్ షీటులో గుంతలు తక్కువ, తడిస్తే అల అలగా లేస్తుంది కూడా. గరుకుగా, దళసరిగా, 300 జీఎస్ఎం ఉన్న కాగితం మేలు. పెద్ద షీటు ఒకటి కొని ఎనిమిది ముక్కలు చేసుకుంటే అందరికీ సరిపోతుంది. చేతితయారీ కాగితం దొరికినా ప్రయత్నించవచ్చు. కొన్ని రకాలు నీటిని బ్లాటింగు పేపరులా పీల్చేస్తాయి, ముందు మూలన ఒక చుక్క వేసి చూసుకోండి.

నీళ్లు ధారాళంగా ఉండాలి. అట్టను దాదాపు సమంగా నేల మీద ఉంచండి. రంగు పరిచాక ఒకటి రెండుసార్లు అటూ ఇటూ మెల్లగా వంచితే రేణువులు కదిలి గుంతలు వెతుక్కుంటాయి. తర్వాత ముట్టుకోవద్దు. మేమందరం చేసిన తప్పు ఇదే. సరిగా రాలేదేమోనని మళ్లీ మళ్లీ బ్రష్ పెట్టేవాళ్లం. పేరుకుంటున్న పలుకు చెదిరిపోయేది. ఫ్యాను కింద పెట్టి తొందరగా ఆరబెట్టడం కూడా వద్దు. రేణువులు దిగడానికి సమయం కావాలి.

ఎక్కడ వాడాలి, ఎక్కడ వద్దు

నెమలి మెడ, రుషికొండ దగ్గర సముద్రం, చెరువు నీళ్లు, చిలుము పట్టిన రాగి చెంబు, పాత గోడల మీద నీలిసున్నం. ఇలాంటి చోట్ల పూసకట్టే రంగు ప్రాణం పోస్తుంది. ముఖాలకు, అక్షరాలకు, చిన్న చిన్న డిజైన్లకు పనికిరాదు. డ్రాయింగ్ పరీక్షలకు వెళ్లే తమ్ముళ్లు ముఖ్యంగా గమనించాలి. డిజైన్‌లో రంగు సమంగా పరుచుకోవాలి. అక్కడ థాలో రంగులే మన స్నేహితులు.

ఒక జాగ్రత్త. కోబాల్ట్, క్రోమియం రంగులు కడుపులోకి పోకూడదు. బ్రష్ మొనను నోట్లో పెట్టి సన్నం చేసే అలవాటు ఉంటే ఈరోజే మానండి. అన్నం తినే పళ్లెంలో రంగు కలపవద్దు. పగిలిన తెల్ల పింగాణీ సాసరు ఒకటి ప్రత్యేకంగా ఉంచుకోండి. రంగు నిజంగా కనిపించేది కూడా తెలుపు మీదే.

చివరగా

మావాడు చాలా కాలానికి మళ్లీ బ్రష్ పట్టాడు. ఇప్పుడు వాడి జీవనం వేరే, కానీ ఆదివారాలు బొమ్మలు వేస్తాడు. ఈ వ్యాసంలోని కలపడాలన్నీ వాడు వేసి చూపించినవే. “ఆ రోజు ఎవరైనా ట్యూబు వెనక్కి తిప్పి చూడరా అని చెప్పి ఉంటే చాలు కదా” అంటాడు. ఇంట్లోనో బళ్లోనో చెప్పేవాళ్లున్న పిల్లలకు ఇది చిన్న విషయం. చెప్పేవాళ్లు లేనప్పుడు అదే చిన్న విషయం “నా చేతిలో లేదు” అన్నంత పెద్దదవుతుంది. చదువులోనూ అంతే. ఏదైనా రాకపోతే ముందు మిమ్మల్ని మీరు తిట్టుకోకండి. పనిముట్టు సరైనదేనా, చెప్పవలసినవాళ్లు చెప్పారా అని చూడండి.

ఈ వార్షికోత్సవానికి వచ్చినప్పుడు మేము రెండు అల్ట్రామెరైన్, రెండు థాలో గ్రీన్, ఒక అసలు విరిడియన్ ట్యూబు, ఎనిమిది ముక్కలుగా కోసిన గరుకు కాగితం ఒక అట్టపెట్టెలో పెట్టి మీ లైబ్రరీ బీరువాలో ఉంచుతాం. తాళం పడకుండా చూసుకోవలసింది మీరే. అయిపోయేదాకా వాడండి. మీరు కలిపిన రంగుల మచ్చలు ఒక కాగితం మీద వేసి, పక్కన ఏది ఎంత కలిపారో రాసి గోడకు అంటించండి. తర్వాత వచ్చే తమ్ముళ్లు అక్కడినుంచి మొదలుపెడతారు.

– పూర్వ విద్యార్థులు