కేబుల్‌కార్డ్: పెట్టెను వదిలించబోయి మరో పెట్టె తెచ్చిన యంత్రం

డీటీహెచ్ కంపెనీ మార్చిన వాళ్లందరికీ తెలిసిన చిక్కే ఇది. డబ్బు పెట్టి కొన్న సెట్‌టాప్ బాక్స్ కొత్త కంపెనీకి పనికిరాదు, అటకెక్కుతుంది. అమెరికాలో ఈ చిక్కును విప్పడానికి చట్టమే పూనుకుంది. ఆ ప్రయత్నంలోంచి పుట్టిందే కేబుల్‌కార్డ్.

అక్కడి నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీకి ఒక మంచి అనుభవం ఉంది. ఒకప్పుడు ఫోన్ లైనుకు ఫోన్ కంపెనీ ఏటీ అండ్ టీ ఇచ్చిన పరికరం తప్ప మరొకటి తగిలించనిచ్చేవారు కాదు. 1968లో కార్టర్‌ఫోన్ కేసులో ఎఫ్‌సీసీ ఇచ్చిన తీర్పుతో ఆ పట్టు సడలింది. ఆన్సరింగ్ మెషీన్లకు, ఫ్యాక్సులకు, మోడెములకు దారి దొరికింది. టీవీ విషయంలోనూ అదే జరగాలన్న ఆశతో 1996 టెలికాం చట్టంలో ఒక సెక్షన్ చేర్చారు: సెట్‌టాప్ బాక్స్ దుకాణంలో కొనుక్కునే వస్తువు కావాలి.

అయితే ఫోన్ మాటలకు తాళం లేదు, కేబుల్ చానళ్లకు ఉంది. చందా కట్టనివాళ్లు చూడకుండా సిగ్నల్‌ను చిక్కుపరచి పంపుతారు. దాన్ని విప్పే ఏర్పాటు పెట్టెలోనే కలిసి ఉండేది. ఆ భాగాన్ని విడదీయాలని 1998లో ఎఫ్‌సీసీ ఆదేశించింది. అలా వచ్చిన కేబుల్‌కార్డ్ క్రెడిట్ కార్డంత వెడల్పున, కొంచెం మందంగా ఉంటుంది. టీవీ తెచ్చిచ్చిన సిగ్నల్‌ను విప్పి, దారిలో ఎవరూ కాపీ చేయకుండా మళ్లీ గుప్తీకరించి టీవీకే తిరిగిస్తుంది. కార్డు కంపెనీది, టీవీ మనది. 2003లో దీనికి నిబంధనలు ఖరారయ్యాయి.

చిక్కల్లా ఆ నిబంధనలు ఒకవైపు ప్రసారానికే పరిమితం కావడంలో ఉంది. ప్రేక్షకుడు తిరిగి జవాబిచ్చే టీవీ అప్పటికే పాత ముచ్చట. 1977లోనే ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్‌లో క్యూబ్ అనే కేబుల్ సేవ బటన్లు నొక్కి ఓటేసే వీలు కల్పించింది. కార్డు పెట్టుకున్న కొత్త టీవీలకు మాత్రం వినడమే తప్ప అడగడం రాదు. కోరిన సినిమా తెప్పించుకోవడం కుదరదు, కంపెనీ ఇచ్చే కార్యక్రమాల పట్టిక కనిపించదు. రెండువైపుల సంభాషణ సంగతి తర్వాత మాట్లాడుకుందామని వదిలేశారు.

ఈలోగా కేబుల్ కంపెనీలు కొత్త పద్ధతి తెచ్చాయి. తీగలో చోటు ఆదా చేయడానికి, కొన్ని చానళ్లను పేటలో ఎవరో ఒకరు అడిగినప్పుడే ఆ పేటకు పంపడం మొదలుపెట్టాయి. అడగలేని టీవీకి ఆ చానళ్లు రావు. దానికి విరుగుడుగా ట్యూనింగ్ అడాప్టర్ అనే పరికరం ఇచ్చాయి. పెట్టె వద్దనుకుని కార్డు పెట్టుకున్న మనిషి ఇంట్లోకి మరో పెట్టె వచ్చి కూర్చుంది.

2007 జులై నుంచి కంపెనీలు తమ అద్దె పెట్టెల్లోనూ విడి తాళమే వాడాలన్న నిబంధన అమల్లోకి వచ్చింది. తాము వాడితే కార్డును బాగా చూసుకుంటారన్నది లెక్క. కోట్ల కార్డులు తయారయ్యాయి. దాదాపు అన్నీ అద్దె పెట్టెల్లోకే వెళ్లాయి, దుకాణంలో కొన్న యంత్రాల్లోకి చేరినవి కొద్ది లక్షలే. 2014లో చేసిన చట్టంతో మరుసటి ఏడాది ఆ నిబంధన ముగిసింది. అమెరికన్ కుటుంబం పెట్టెల అద్దెకే ఏటా సగటున 231 డాలర్లు కడుతోందంటూ ఎఫ్‌సీసీ 2016లో కొత్త ప్రతిపాదన తెచ్చింది, అదీ తుది ఓటు దాకా రాలేదు. 2020లో కార్డు నిబంధనలూ రద్దయ్యాయి. అప్పటికే జనం ఇంటర్నెట్ తీగ మీద, తమకు నచ్చిన పరికరాల్లో సినిమాలు చూస్తున్నారు. ఆ తీగలో అడగడానికీ వినడానికీ మొదటి నుంచే దారి ఉంది.

అదే 2020లో మన టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ కూడా ఏ కంపెనీ ప్రసారానికైనా పనికొచ్చే సెట్‌టాప్ బాక్స్ ఉండాలని సిఫారసు చేసింది. అలాంటి నిబంధన రాసేవాళ్లకు కేబుల్‌కార్డ్ నేర్పే పాఠం ఒక్కటే: తాళం ఎవరి చేతిలో ఉందన్నది సగం ప్రశ్న, తీగలో ఎదురు మాట్లాడే హక్కు ఎవరికుందన్నది మిగతా సగం. రెండోదాన్ని వాయిదా వేస్తే మొదటిది గెలిచినా లాభం లేదు.