సాఫ్ట్‌వేర్ జట్టు పనివేగం: వెలాసిటీ అంటే ఏమిటి?

మన ట్రస్టు ఉపకార వేతనంతో చదివి సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో చేరే పిల్లల చెవిన మొదటి నెలలోనే పడే మాట ‘వెలాసిటీ’. ఫిజిక్సులో చదివినది కాదిది. బెంగుళూరులో ఇదే పనిలో ఉన్నాను గనుక నాకు తెలిసినంతలో వివరిస్తాను.

2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటా రాష్ట్రం, స్నోబర్డ్‌లో 17 మంది నిపుణులు కూడి ‘అజైల్’ ప్రకటన వెలువరించారు. ఏడాదంతా చేసి చివర్లో చూపించకుండా, కొద్దికొద్దిగా పూర్తిచేసి చూపుతూ పోవాలన్నది దాని సారం. ఆ చిన్న గడువును స్క్రమ్ పద్ధతిలో స్ప్రింట్ అంటారు. చాలాచోట్ల అది రెండు వారాలు.

ఒక్కొక్క పనికీ జట్టంతా కూర్చుని పాయింట్లు వేస్తారు. అవి గంటలు కావు. ఇదివరకటి పనితో పోలిస్తే ఇది ఎంత పెద్దదన్న అంచనా మాత్రమే. స్ప్రింట్ ముగిసేసరికి పూర్తయిన పనుల పాయింట్లను కూడితే వచ్చేదే వెలాసిటీ. తొంభై శాతం అయిన పనికి సున్నాయే. కొత్తవారికి అన్యాయంగా తోస్తుంది గానీ, నాకు బాగా నచ్చిన నియమం ఇదే.

మూడు స్ప్రింట్లలో 18, 24, 21 వచ్చాయనుకోండి. సగటు 21. ఇంకా 126 పాయింట్ల పని ఉంటే ఆరు స్ప్రింట్లు, అంటే 12 వారాలు. 18 చొప్పునే సాగితే 14 వారాలు. కస్టమరుకు ఈ రెండు అంకెలూ చెప్పడమే మర్యాద.

చిక్కంతా పోలికతోనే. షోలాపూర్‌లో మగ్గం పని తెలిసిన మనవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు. సాదా గుడ్డ నేసేవారినీ, జకార్డు అంచు నేసేవారినీ గజాల లెక్కన పోల్చగలమా? నేను ఇదివరకు పనిచేసిన ఒక సంస్థలో రెండు జట్ల వెలాసిటీని పక్కపక్కన గోడకు అంటించేవారు. కొన్నాళ్లకే 3 పాయింట్ల పనికి 5 వేయడం మొదలైంది. అంకె పెరిగింది, పని పెరగలేదు. ఆ 17 మందిలో ఒకరైన రాన్ జెఫ్రీస్, పాయింట్ల పద్ధతిని తానే కనిపెట్టి ఉండవచ్చుననీ, అందుకు విచారిస్తున్నాననీ 2019లో రాశారు.

తల్లిదండ్రులకు ఒక మాట. అబ్బాయో అమ్మాయో ‘ఈసారి పాయింట్లు తగ్గాయి’ అంటే పరీక్షలో మార్కులు తగ్గినట్టు కంగారుపడకండి. అది జట్టు మొత్తం లెక్క. పండుగ సెలవులకు తగ్గుతుంది. కొత్తవారు చేరినా, పాతవారు నేర్పడంలో ఉంటారు గనుక, కొన్నాళ్లు తగ్గుతుంది.

ఫైనలియర్ ప్రాజెక్టు చేసే విద్యార్థులు వారానికొక స్ప్రింట్ పెట్టుకుని దీన్ని ఇప్పుడే ప్రయత్నించవచ్చు. నోటుబుక్కు చాలు. మూడు వారాల అంకెలు చేతికొచ్చాక గైడుకు తేదీ చెప్పండి.