నూరు సెంట్లలో నూట అయిదు

కృష్ణా డెల్టాలో సార్వాకు ఏం వేయాలన్న ప్రశ్నే పెద్దగా రాదు. కాలువ వదిలారంటే వరే. మెట్టలో అలా కుదరదు. 2022లో ఎన్టీఆర్ జిల్లాలో చేరిన జగ్గయ్యపేట, నందిగామల వైపు నల్లరేగడి చేలల్లో పత్తి, మిరప, కంది, పెసర, మొక్కజొన్న నేలకోసం పోటీపడతాయి. సాగర్ ఎడమ కాలువ చివరి భూములకు నీటి మీద భరోసా తక్కువ. పత్తికి గులాబీ రంగు పురుగు, మిరపకు నల్ల తామర పురుగు. ఏ ఒక్క పంటనీ నమ్ముకోలేని చోట పంపకం లెక్క తప్పదు.

ఒక్క ఎకరం తీసుకుందాం. ఎకరానికి నూరు సెంట్లు కనుక సెంటుకు ఒక శాతం. పెట్టుబడి తెచ్చింది పత్తి కోసం, అది 50కి తగ్గకూడదు. ధర పలికితే గట్టెక్కించేది మిరప, అది పత్తిలో సగమైనా ఉండాలి. ఇంటి పప్పుకీ నేల బాగుకీ కంది కనీసం 30. ఏ రెండు షరతులు తీసుకున్నా ఇముడుతాయి. మూడూ కలిస్తే 50, 25, 30. మొత్తం 105!

పొసగదని తేల్చడానికి వేల పంపకాలు వేసి చూడనక్కర్లేదు. హంగరీ గణితవేత్త గ్యూలా ఫార్కాష్ 1902లో ప్రచురించిన సిద్ధాంతం చెప్పేదిదే: ఇలాంటి షరతులకు పరిష్కారమైనా ఉంటుంది, లేదా వాటిని తగిన గుణకాలతో హెచ్చించి కూడితే పచ్చి అబద్ధమైనా బయటపడుతుంది. ఇక్కడ పత్తి షరతును ఒకటిన్నర రెట్లు చేస్తే 75. 'మిరపలోంచి పత్తిలో సగం తీసేస్తే సున్నాకు తగ్గదు' అన్నది రెండోది. కంది 30. మూడూ కూడితే ఎకరం 105 సెంట్లకు తగ్గదని వస్తుంది. లెక్కల్లో ఇంత పొట్టి రుజువు నాకు భలే ఇష్టం.

పత్తిని 40కి దించితే దారి తెరుచుకుంటుంది. పత్తి, మిరప, కంది వరసగా 40, 20, 40. 40, 30, 30. లేదా 46⅔, 23⅓, 30. గ్రాఫు కాగితం మీద ఇవి ఒక త్రిభుజం మూలలు. కుదిరే పంపకాలన్నీ దాని అంచుల మీదో లోపలో ఉంటాయి. ఎక్కువ లాభమిచ్చే పంపకాన్ని వెతకడానికి 1947లో జార్జి డాంట్జిగ్ కనిపెట్టిన సింప్లెక్స్ పద్ధతి నడిచేది ఇలాంటి మూలల వెంటే. మొదటి దశలో అది లాభం జోలికే పోదు, కాలుపెట్టడానికి ఒక్క మూల ఉందా అని చూస్తుంది.

శాతం దేనిలోనో కూడా చూడాలి. 2002లో బీటీ పత్తిని అనుమతించినప్పుడు చుట్టూ అయిదు వరసలు గానీ, విస్తీర్ణంలో 20 శాతం గానీ, ఏది ఎక్కువైతే అంత మామూలు పత్తి వేయాలన్నారు. నలభై సెంట్ల చెక్కలో ఆ వరసలే 20 శాతాన్ని దాటిపోతాయి. బీటీ విత్తనంతోపాటు అప్పట్లో విడిగా వచ్చిన మామూలు పత్తి గింజల చిన్న పొట్లం గట్టున మిగిలిపోయిందంటే వింతేముంది?

మరి ఆ 105 మాట? కందిని 25కి తగ్గించి, యాభై సెంట్ల పత్తిలో ప్రతి పదో సాలూ కంది వేస్తే ఇంకో అయిదు వస్తుంది. ఆ యాభైనీ పత్తి చేనుగానే లెక్కిస్తే మూడు షరతులూ నిలుస్తాయి. కంప్యూటర్‌కు మాత్రం ముందే చెప్పాలి, అంతర పంట ఉన్నచోట పంటల మొత్తం నూరు దాటొచ్చని.