జిల్లా మార్చాం, మండలం మారిందా? ఫారాల్లో దాక్కునే బగ్ కథ

ఏ యాప్ రివ్యూ చేసినా నేను తప్పకుండా చూసేది ఒకటుంది: అడ్రస్ ఫారం. కెమెరా, బ్యాటరీ, గేమింగ్ గురించి అందరూ రాస్తారు. ఫారం గురించి ఎవరూ రాయరు. కానీ ఒక యాప్ లోపల పని ఎంత శుభ్రంగా జరిగిందో రెండు నిమిషాల్లో చెప్పేసేది అదే.

నా టెస్ట్ చాలా సింపుల్. రాష్ట్రం తెలంగాణ, జిల్లా సంగారెడ్డి, మండలం పటాన్‌చెరు అని ఎంచుకుంటాను. తర్వాత పైకి వెళ్లి రాష్ట్రాన్ని ఆంధ్రప్రదేశ్ అని, జిల్లాను తిరుపతి అని మారుస్తాను. ఇప్పుడు మండలం దగ్గర ఏం కనిపిస్తోంది?

మంచి యాప్ అయితే ఆ గడిని ఖాళీ చేసి, తిరుపతి జిల్లా మండలాల లిస్ట్ తెచ్చి, మళ్లీ ఎంచుకోమంటుంది. కొన్ని యాప్‌లలో పటాన్‌చెరు అలాగే కూర్చుని ఉంటుంది. సేవ్ నొక్కితే సేవ్ కూడా అయిపోతుంది! ఇంకొన్నింటిలో గడి ఖాళీగా కనిపిస్తుంది కానీ లోపల పాత విలువే ఉండి సర్వర్‌కి వెళ్తుంది. ఈ మూడోది అన్నిటికంటే ప్రమాదం. ఎందుకంటే మన కంటికి తప్పు కనపడదు.

పేరు ఒకటే, ఊరు వేరు

ఇప్పుడు పటాన్‌చెరు బదులు రామచంద్రపురం ఎంచుకుని ఇదే టెస్ట్ చేయండి. సంగారెడ్డి జిల్లాలో రామచంద్రపురం మండలం ఉంది. తిరుపతి జిల్లాలోనూ రామచంద్రపురం మండలం ఉంది. జిల్లా మార్చాక కూడా గడిలో రామచంద్రపురం అనే ఉంటే, చూసేవాళ్లకి అంతా కరెక్టే అనిపిస్తుంది. కానీ డేటాబేస్‌లో సేవ్ అయ్యేది పేరు కాదు, ఆ పేరు వెనకున్న కోడ్. ఆ కోడ్ సంగారెడ్డిదే అయితే? పైన పటారం, లోన లొటారం.

పార్సిల్ అయితే నాలుగు రోజులు ఆలస్యమవుతుంది, అంతే. అదే స్కాలర్‌షిప్ దరఖాస్తు అనుకోండి. ఫైల్ వేరే మండలం ఆఫీసు లాగిన్‌లో పడి ఉంటుంది, వాళ్లు మా పరిధి కాదని వదిలేస్తారు. ఇక్కడ స్టూడెంట్ స్టేటస్ పెండింగ్ అని చూస్తూ కూర్చుంటాడు. ఈలోపు లాస్ట్ డేట్ అయిపోతుంది. అతను నింపింది కరెక్టే, స్క్రీన్ మీద చూసిందీ కరెక్టే. తప్పంతా ఫారానిది.

చెక్ చేయడం వేరు, తాజాగా ఉంచడం వేరు

ఇక్కడ రెండు పనులున్నాయి. ఒకటి వాలిడేషన్, అంటే ఇచ్చిన విలువ సరైనదా అని చూడటం. రెండోది రిఫ్రెష్, అంటే ఒక గడి మారినప్పుడు దాని మీద ఆధారపడ్డ గడులన్నిటినీ మళ్లీ తాజా డేటాతో నింపడం. చాలామంది డెవలపర్లు మొదటిది చేసి రెండోది మర్చిపోతారు. పటాన్‌చెరు సరైన మండలమేనా అంటే సరైనదే. కానీ తిరుపతి జిల్లాలో సరైనదా? ఈ ప్రశ్న జిల్లా మారిన ప్రతిసారీ అడగాలి. ఒకసారి పాస్ అయింది కదా అని వదిలేస్తే కుదరదు.

1992లో వచ్చిన మైక్రోసాఫ్ట్ యాక్సెస్ ఈ తేడాని బాగా నేర్పుతుంది. డిప్లొమాలోనో డిగ్రీలోనో ల్యాబ్‌లో దాన్ని వాడినవాళ్లకి రిఫ్రెష్, రీక్వెరీ అనే రెండు మాటలు గుర్తుండే ఉంటాయి. రిఫ్రెష్ చేస్తే ఇప్పటికే తెరిచిన రికార్డుల్లో జరిగిన మార్పులు మాత్రమే కనిపిస్తాయి, కొత్తగా చేరినవి రావు. రీక్వెరీ చేస్తే క్వెరీ మొదటినుంచి మళ్లీ నడిచి లిస్ట్ కొత్తగా తయారవుతుంది. మన మండలం గడికి కావాల్సింది రెండోది. అందులో పద్ధతి ఇది: జిల్లా బాక్స్ ఆఫ్టర్ అప్‌డేట్ ఈవెంట్‌లో ముందు మండలం విలువని ఖాళీ చేయాలి, ఆ తర్వాత మండలం బాక్స్‌ని రీక్వెరీ చేయాలి. సేవ్ అయ్యేముందు ఫారం బిఫోర్ అప్‌డేట్ ఈవెంట్‌లో జత కుదిరిందో లేదో చూసి, కుదరకపోతే సేవ్ ఆపేయాలి.

ఫోన్‌లో ఇంకో తలనొప్పి: నెట్

ఆఫీసు కంప్యూటర్‌లో లిస్ట్ క్షణంలో వస్తుంది. ఫోన్‌లో నెట్ స్లోగా ఉంటే? మీరు ఖమ్మం ఎంచుకున్నారు, వెంటనే మనసు మార్చుకుని నల్గొండ నొక్కారు. సర్వర్‌కి రెండు రిక్వెస్టులు వెళ్లాయి. నల్గొండ జవాబు ముందొచ్చింది, ఖమ్మం జవాబు ఆలస్యంగా వచ్చి దాని మీద కూర్చుంది. ఇప్పుడు పైన నల్గొండ, కింద ఖమ్మం మండలాలు! దీన్ని రేస్ కండిషన్ అంటారు. హైస్పీడ్ వైఫైలో టెస్ట్ చేసే టీమ్‌కి ఇది దొరకడం కష్టం. బస్సులో కూర్చుని ఫారం నింపేవాళ్లకి మాత్రం ఇట్టే దొరుకుతుంది.

పరిష్కారం కష్టమేం కాదు. కొత్త రిక్వెస్ట్ పంపగానే పాతదాన్ని రద్దు చేయాలి. కోట్లిన్‌లో రాసేవాళ్లకి ఫ్లాట్‌మ్యాప్ లేటెస్ట్ ఇదే పని చేస్తుంది: చివరి ఎంపికకి వచ్చిన జవాబునే ఉంచుతుంది. కొత్త లిస్ట్ వచ్చేదాకా మండలం గడిని లాక్ చేసి, లోడ్ అవుతోంది అని చూపిస్తే యూజర్‌కి కూడా స్పష్టంగా ఉంటుంది.

జిల్లాలే మారిపోతే?

యూజర్ ఏమీ మార్చకపోయినా డేటా పాతబడుతుంది. తెలంగాణ 2014లో 10 జిల్లాలతో మొదలైంది. 2016 అక్టోబరులో 31, 2019లో ములుగు, నారాయణపేట కలిసి 33 అయ్యాయి. 2021లో వరంగల్ అర్బన్ జిల్లా హనుమకొండ అయింది, వరంగల్ రూరల్ వరంగల్ అయింది. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. జిల్లాల లిస్ట్‌ని యాప్ కోడ్‌లోనే రాసేసిన డెవలపర్ ప్రతిసారీ కొత్త వెర్షన్ వదలాలి. యూజర్ అప్‌డేట్ చేయకపోతే అతని ఫోన్‌లో పాత మ్యాపే బతికుంటుంది.

అందుకే లిస్ట్ సర్వర్‌లో ఉండాలి, ఫోన్‌లో ఉన్న కాపీకి వెర్షన్ నంబర్ ఉండాలి. కేంద్ర పంచాయతీరాజ్ శాఖ నడిపే లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీలో ప్రతి జిల్లాకి, మండలానికి, గ్రామానికి ప్రత్యేకమైన కోడ్ ఉంటుంది. పేరుతో కాకుండా అలాంటి కోడ్‌తో లింక్ చేస్తే రెండు రామచంద్రపురాలు ఎప్పటికీ కలిసిపోవు.

మరీ స్ట్రిక్ట్ అయినా కష్టమే

పిన్‌కోడ్ చూసి రాష్ట్రాన్ని చెక్ చేసే యాప్‌లు ఉన్నాయి. 53తో మొదలైతే ఆంధ్రప్రదేశ్ అని రూల్ రాసేస్తే పని తేలిక. కానీ యానాం పిన్‌కోడ్ 533464. చుట్టూ గోదావరి జిల్లాలే అయినా యానాం పుదుచ్చేరిలో భాగం. అక్కడి తెలుగువాళ్లు తమ రాష్ట్రం దగ్గర పుదుచ్చేరి అని నిజం చెబితే ఆ ఫారం ఒప్పుకోదు, అబద్ధం చెబితే ఒప్పుకుంటుంది! అంకెలు చూసి ఊహించే బదులు, అసలు పిన్‌కోడ్ టేబుల్‌లో ఆ జత ఉందో లేదో చూడాలి. అనుమానం వస్తే హెచ్చరించాలి తప్ప దారి మూసేయకూడదు.

చివరి కాపలా డేటాబేస్‌దే

స్క్రీన్ మీద చేసే చెక్ యూజర్ సౌకర్యానికి మాత్రమే. దాన్ని దాటి నేరుగా సర్వర్‌కి డేటా పంపొచ్చు, కాబట్టి సర్వర్ కూడా మళ్లీ చెక్ చేయాలి. అన్నిటికంటే కింద డేటాబేస్‌లో ఫారిన్ కీ ఉండాలి. అదీ మండలం కోడ్ ఒక్కదానికే కాదు, జిల్లా, మండలం రెండూ కలిపిన జతకి. అప్పుడు పైనున్న కోడ్‌లో ఎన్ని లోపాలున్నా తిరుపతి, పటాన్‌చెరు జత లోపలికి రాలేదు.

ఆండ్రాయిడ్‌లో రాసేవాళ్లకి ఒక జాగ్రత్త. ఫోన్‌లో ఉండే ఎస్‌క్యూలైట్‌లో ఫారిన్ కీ చెక్ మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది, ప్రతి కనెక్షన్‌కీ ఆన్ చేయాలి. టేబుల్‌లో రాశాం కదా అని ధీమాగా ఉంటే అది ఊరికే చూస్తూ ఉంటుంది. రూమ్ లైబ్రరీ వాడి ఎంటిటీల్లో ఫారిన్ కీ రాస్తే, ఆన్ చేసే పని అదే చూసుకుంటుంది.

మీరూ టెస్ట్ చేయండి

ఫారం మొత్తం నింపి, పైనున్న గడి మార్చండి. కింద గడులు ఖాళీ అయ్యాయా? నెట్ స్లో చేసి, రెండు జిల్లాలు గబగబా మార్చి చూడండి. చివరికి ఏ లిస్ట్ మిగిలింది? సేవ్ చేసిన అడ్రస్‌ని మళ్లీ తెరిచి, ఎడిట్‌లో జిల్లా ఒక్కటే మార్చి సేవ్ నొక్కండి. యాప్ ఆపిందా? కొత్త అడ్రస్ దగ్గర జాగ్రత్తగా ఉన్న యాప్‌లు కూడా ఎక్కువగా ఈ మూడో దగ్గరే దొరికిపోతాయి.

దరఖాస్తు ఏదైనా సబ్మిట్ చేశాక వచ్చే పీడీఎఫ్‌ని మాత్రం తప్పకుండా తెరిచి చదవండి. జిల్లా, మండలం కోడ్‌లు అందులో ఉంటే వాటిని కూడా సరిచూసుకోండి. ఫారంలో మీకు కనిపించింది ఒకటి, అవతల సేవ్ అయింది ఇంకొకటి అయితే, లాస్ట్ డేట్ లోపు తెలుసుకోవడానికి మీ చేతిలో ఉన్న దారి అదే.