వ్యక్తిగత ప్రవచన పరిశీలన

వ్యక్తిగత ప్రవచనం అనగా క్రైస్తవ విశ్వాసంలో ఒక వ్యక్తిని ఉద్దేశించి, దేవుడు పలికించినదని చెప్పబడే సందేశం. శ్రీ సత్యసాయి జిల్లాలోని హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వంటి పట్టణాలలోనైనా, మరెక్కడనైనా, వివాహం, ఉద్యోగం, వైద్యం వంటి విషయాలలో ఇట్టి సందేశం విన్న విశ్వాసికి దానిని పరీక్షించుటకు బైబిలే ప్రధాన ప్రమాణం.

ప్రవచనాన్ని నిర్లక్ష్యం చేయరాదని, అయితే పరీక్షించవలెనని 1 థెస్సలొనీకయులకు 5:20–21 బోధిస్తున్నది. ఈ పరిశీలన సంఘంలో ఇతరులు చేయవలసినదని 1 కొరింథీయులకు 14:29 తెలుపుతున్నది. నెరవేరని ప్రవచనం దేవునిది కాదు (ద్వితీయోపదేశకాండము 18:22). అయితే నెరవేర్పు ఒక్కటే చాలదు. చెప్పినది జరిగినా, ఇతర దేవతల వైపు నడిపించే ప్రవక్త మాట వినరాదు (13:1–3). ప్రవక్తను అతని ఫలాలను బట్టి గుర్తించాలి (మత్తయి 7:15–20). తొలినాటి క్రైస్తవ గ్రంథమైన డిడాకే, తన కొరకు ధనమడిగే ప్రవక్త మాట వినరాదని, పేదల కొరకు అడిగినచో అతనికి తీర్పు తీర్చరాదని పేర్కొన్నది.