మీకు తెలుసా? ముత్తాత జాడ బుక్-3లో

1931లో నిజాంసాగర్ పూర్తయి మంజీరా నీళ్లు పొలాలకు మళ్లాయి. మరికొన్నేళ్లకు బోధన్ శక్కర్‌నగర్‌లో చక్కెర ఫ్యాక్టరీ లేచింది. నీటి కింద భూములు దొరుకుతాయని కృష్ణా, గుంటూరు వైపు నుంచి ఎన్నో రైతు కుటుంబాలు వర్ని, బోధన్ ప్రాంతాలకు తరలివచ్చాయి. వాళ్లు దిగిన ఊళ్లలో కొన్నిటికి ‘క్యాంపు’ అన్న పేరు నేటికీ ఉంది. అప్పట్లో అది బ్రిటిష్ మద్రాసు వదిలి నిజాం ఇలాకాలోకి రావడం. అందుకే ఆ ఇళ్ల ముత్తాతల కాగితాలు రెండు చోట్ల వెతకాలి.

కృష్ణా, గుంటూరు వైపు ముందుగా వీలునామా కోసం చూడాలి. దానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. చేయించి ఉంటే మాత్రం సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో ‘బుక్-3’ అనే ప్రత్యేక పుస్తకానికి ఎక్కుతుంది. 1908 రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం రాసినాయన బతికున్నంత కాలం నకలు ఆయనకో, ఆయన ఏజెంటుకో మాత్రమే ఇస్తారు. ఆయన పోయాక ఎవరు దరఖాస్తు పెట్టుకున్నా ఇవ్వాలి. ఇది తెలియకే ‘మనకెందుకిస్తారులే’ అని ఎంతోమంది వారసులు గడప దాకా కూడా వెళ్లరు.

బోధన్ వైపు వీలునామా కన్నా విరాసత్ కాగితాలే అక్కరకొస్తాయి. పట్టాదారు చనిపోతే వారసుల పేరు ఎక్కించడమే విరాసత్. పట్టాదారు పక్కనే తండ్రి పేరు కూడా రాస్తారు కాబట్టి, ఒక్క నకలుతో ఇంకో తరం వెనక్కి వెళ్లొచ్చు. పాతవి ఉర్దూలో, ఫస్లీ సంవత్సరాలతో ఉంటాయి. 590 కలిపితే ఇంగ్లిషు సంవత్సరం వస్తుంది: 1317 ఫస్లీ అంటే 1907-08. ఉర్దూలో హ్రస్వాచ్చులు మామూలుగా రాయరు. పుల్లయ్యను పిల్లయ్య అని చదివే వీలుంది. చదివిపెట్టేవాళ్లకు ఇంట్లో పలికే పేరు ముందే చెప్పాలి.

పట్టా గానీ వీలునామా గానీ లేని కౌలుదారుల సంగతేమిటి? నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచే కాగితం వాళ్లదే: 1954-55 నాటి ఖాస్రా పహాణీ అనే భూమి రికార్డు. అందులో పట్టాదారుతో పాటు కాస్తు (సాగు) చేస్తున్నవారి పేరూ రాశారు. తహసీల్దారు ఆఫీసుకు వెళ్లేటప్పుడు ఊరి పేరు, సర్వే నంబరు దగ్గర పెట్టుకోండి. ఆ పహాణీ నకలు అడిగి, కాస్తు గడి కూడా చూడండి.