సావిత్రి నటన: కరుణం, హాస్యం

కరుణానికి శోకం, హాస్యానికి హాసం స్థాయిభావాలని భరతుడు నాట్యశాస్త్రంలో నిర్ణయించాడు. ఈ రెండు రసాలనూ సమర్థంగా పోషించిన నటి సావిత్రి. 'దేవదాసు' (1953)లో ఆమె పార్వతి. ప్రేమించినవానికి దూరమై, వయసు మళ్ళిన జమీందారుకు భార్య అయిన పార్వతి దుఃఖాన్ని ఆమె మాటలకంటె చూపులతోనే ఎక్కువగా పలికించింది. 'మాయాబజార్' (1957)లో ఆమె శశిరేఖ. అందులో ఘటోత్కచుడు శశిరేఖ రూపం ధరించిన ఘట్టంలో ఆమె నటన పూర్తిగా మారుతుంది. ఆకారం సుకుమారియైన రాకుమారిది. ఠీవి, హుంకారం ఎస్.వి. రంగారావు పోషించిన రాక్షసవీరునివి. ఈ వైరుధ్యమే నవ్వు పుట్టిస్తుంది. కన్నీరు మితిమీరితే కరుణం పలుచనవుతుంది; చేష్టలు మితిమీరితే హాస్యం వెకిలితనమవుతుంది. రెండింటికీ కావలసింది నిగ్రహమే. నవ్వించడం తేలిక అనుకొనేవారు ఈ రెండు పాత్రలనూ పక్కపక్కన నిలిపి చూడాలి.